మన ఆడపిల్లలూ – గైడు ఉద్యమమూ

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



బడులు తెరిచిన కొన్నాళ్ళకు పిల్లలు ఇంటికి ఒక కాగితం తెస్తారు. స్కౌట్సు, గైడ్సులో చేరడానికి పెద్దల అనుమతి కావాలని, కింద సంతకం చేయమని. మగపిల్లవాడు తెస్తే వాళ్ళ నాన్న చదవకుండానే సంతకం పెట్టేస్తాడు. అదే ఆడపిల్ల తెచ్చిందనుకోండి, ఆ కాగితం ఇంట్లో నాలుగు చేతులు మారుతుంది. "క్యాంపులట, రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారో!" అని అత్తగారు. "మార్కులు తగ్గుతాయి" అని తండ్రి. "ఎండలో తిరిగితే నల్లబడిపోతుంది, రేపు పెళ్ళి చేయొద్దూ" అని పిన్నమ్మ. చివరికి వచ్చి చేరేది తల్లి చేతికే. అందుకని ఈ నాలుగు మాటలూ తల్లులతోనే చెప్పదలిచాను.

అసలు స్కౌటు అంటే ఎవరు? సైన్యానికి ముందుగా వెళ్ళి దారీ తెన్నూ చూసి, శత్రువు జాడ తెలుసుకుని వచ్చేవాడు. మన పాత కథల్లో వేగులవాడు ఉంటాడే, అతనన్నమాట. ఈ సైనికుల విద్యను పిల్లల విద్యగా మార్చినవాడు బేడెన్ పావెల్ అనే ఇంగ్లీషు సైన్యాధికారి. ఆయన 1857లో పుట్టి, 19 ఏళ్ళ వయసులో, 1876లో, లక్నోలోని గుర్రపుదళంలో చేరడానికి మన దేశానికే వచ్చాడు. తర్వాత దక్షిణాఫ్రికాలో బోయర్ల యుద్ధం జరిగినప్పుడు మాఫెకింగ్ అనే ఊరిని 217 రోజులు శత్రువులు చుట్టుముట్టారు. ఉన్న సైనికులు చాలలేదు. అప్పుడు ఆ ఊరి పిల్లలకు ఉత్తరాలు చేరవేయడం, వార్తలు అందించడం లాంటి పనులు అప్పగించారు. నమ్మి పని అప్పగిస్తే పిల్లలు ఎంత బాధ్యతగా చేస్తారో ఆయనకు అక్కడ తెలిసి వచ్చింది.

1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవైమంది దాకా పిల్లలతో ఆయన ఒక క్యాంపు పెట్టాడు. పెద్ద బడుల్లో చదివే కలవారి పిల్లలూ, పనిపాటలు చేసుకునే వాళ్ళ పిల్లలూ ఒకే గుడారంలో పడుకున్నారు, కలిసి వండుకు తిన్నారు. మరుసటి ఏడు, 1908లో, ఆయన పుస్తకం రాశాడు. అది చదివి, ఎవరూ చెప్పకుండానే ఊరూరా పిల్లలు దళాలు కట్టేశారు.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఇంత మంచి తలపుకు కూడా మొదట్లో రెండు తలుపులు మూసి ఉండేవి. ఒకటి ఆడపిల్లలకు. రెండోది మన దేశపు పిల్లలకు.

ఆడపిల్లల సంగతి ముందు చెప్తాను. 1909 సెప్టెంబరులో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర వేలమంది స్కౌట్లు ఒకచోట చేరారు. వాళ్ళ మధ్యలో కొందరు ఆడపిల్లలు! అన్నదమ్ముల టోపీలు పెట్టుకుని, చేతికర్రలు పట్టుకుని వచ్చి, మేమూ స్కౌట్లమేనన్నారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. అయినా వచ్చారు. పొమ్మనడానికి బేడెన్ పావెల్‌కు నోరు రాలేదు. కాని మగపిల్లల్లో కలపడానికి ఆ రోజుల్లో లోకం ఒప్పుకోదు. దాంతో 1910లో ఆడపిల్లలకు వేరే సంఘం పెట్టి, దాన్ని తన చెల్లెలు ఆగ్నెస్‌కు అప్పగించాడు. తర్వాత ఆయన భార్య ఓలేవ్ దాన్ని దేశదేశాలకూ వ్యాపింపజేసింది. ఆ సంఘానికి పెట్టిన 'గైడ్స్' అన్న పేరు ఎక్కడిదో తెలుసా? అప్పటి మన దేశపు వాయవ్య సరిహద్దులో 'గైడ్స్' అనే పేరుగల సైనిక దళం ఉండేది. కొండల్లో దారి చూపడంలో వాళ్ళకు పెట్టింది పేరు. ఆ పేరే ఇంగ్లండు వెళ్ళి ఆడపిల్లల పేరయింది.

ఇక రెండో తలుపు. స్కౌటింగు మన దేశంలో అడుగుపెట్టింది 1909లో, మన హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరులోనే. కెప్టెన్ బేకర్ అనే ఆయన అక్కడ మొదటి దళం పెట్టాడు. 1911లో జబల్‌పూరులో మొదటి గైడ్ల దళం వచ్చింది. అయితే ఇవన్నీ దొరల పిల్లలకూ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకూ మాత్రమే. మన పిల్లలను చేర్చుకునేవారు కాదు. వీళ్ళకు కవాతు, జాడలు కనిపెట్టడం, క్రమశిక్షణ నేర్పితే రేపు మన మీదే తిరగబడతారేమోనని సర్కారుకు గుబులు.

ఆ తలుపు తట్టినవాళ్ళలో ముఖ్యురాలు ఒక స్త్రీ కావడం మనకు గర్వకారణం. ఆమె అనీబిసెంటు. మదనపల్లెలో 1915లో కళాశాల పెట్టిన ఆమే. "మీరు చేర్చుకోకపోతే మాకు మేమే పెట్టుకుంటాం" అన్నట్లుగా 1916లో మద్రాసులో అరండేల్ మొదలైనవారితో కలిసి భారతీయ బాలుర స్కౌటు సంఘం స్థాపించింది. టోపీకి బదులు తలపాగా, ఇంగ్లీషు పాటలకు బదులు మన పాటలు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయి గార్లు 1918లో సేవాసమితి స్కౌట్లను తయారు చేశారు. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లలను వెతకడం, నదీస్నానాల దగ్గర ముసలివాళ్ళను చేయిపట్టి దింపడం వీళ్ళ పని.

1921లో బేడెన్ పావెల్ మన దేశానికి వచ్చినప్పుడు అనీబిసెంటు సంఘం ప్రధాన సంఘంలో కలిసింది. మన పిల్లలకు తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత 1932లో స్కౌటింగులో అతి పెద్ద గౌరవమైన 'సిల్వర్ వుల్ఫ్' బిరుదు కూడా ఆమెకు ఇచ్చారు. సేవాసమితి మాత్రం దేశభక్తి ముఖ్యమని విడిగానే ఉండిపోయింది. 1937లో బేడెన్ పావెల్ మళ్ళీ వచ్చి వెళ్ళాక, భారతీయుల నడవడిని చిన్నబుచ్చేటట్లు ఆయన అన్న మాటలు బయటపడి మనవాళ్ళకు కోపం వచ్చింది. 1938లో హిందూస్థాన్ స్కౌట్ సంఘం ఏర్పడింది. మంచి విద్య నేర్పినవాడైనా మాట జారితే ఊరుకోనక్కరలేదని, అలాగని విద్యను వదులుకోనక్కరలేదని మనవాళ్ళు చూపించారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ సంఘాలన్నీ వేరు వేరుగా ఎందుకని నెహ్రూగారు, విద్యామంత్రి ఆజాద్ గారు పట్టుబట్టగా 1950 నవంబరు 7న 'భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్' ఏర్పడింది. 1951 ఆగస్టు 15న గైడ్ల సంఘం కూడా వచ్చి కలిసింది. ఆ సంఘం మొదటి జాతీయ జంబోరీ, అంటే దేశంలోని స్కౌట్ల మహాసభ, 1953లో మన హైదరాబాదులోనే జరిగింది. 1964 నుంచి సుమారు ఇరవై ఏళ్ళు ఈ సంఘానికి జాతీయ కమిషనరుగా ఉండి నడిపింది లక్ష్మీ మజుందార్ అనే స్త్రీ. 1966లో పూనాలో 'సంగం' పేరుతో ప్రపంచ గైడ్ల కేంద్రం వెలిసింది. హిందూపురంలో బెంగుళూరు రైలెక్కితే దారిలో దొడ్డబళ్ళాపురం వస్తుంది గదా, అక్కడి కర్ణాటక స్కౌట్ల శిక్షణ కేంద్రానికి అనీబిసెంటు పేరే పెట్టారు.

సరే, చరిత్ర బాగుంది, మా పిల్లకు నేర్పేదేమిటి అంటారా? చెప్తాను.

బుల్‌బుల్ అని చిన్నపిల్లలకు, గైడ్ అని పదేళ్ళు దాటినవాళ్ళకు, రేంజర్ అని పెద్దపిల్లలకు దశలున్నాయి. ఆరుగురు, ఎనిమిదిమంది కలిసి ఒక చిన్న జట్టు. వాళ్ళలో ఒక పిల్లే నాయకురాలు. ప్రవేశం, ప్రథమ సోపానం, ద్వితీయ సోపానం, తృతీయ సోపానం అని మెట్లు మెట్లుగా పరీక్షలు. ఆపైన రాజ్య పురస్కారం, రాష్ట్రపతి పురస్కారం.

మొదట నేర్పేది ముడులు. నవ్వకండి! ధర్మవరంలో మగ్గం దగ్గర చూడండి, పాత పడుగు దారాలకు కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటే అతికేటప్పుడు ఒక్క అతుకు జారినా చీరలో లోపం కనబడుతుంది. ముడి విలువ నేతపనివారికి తెలుసు. ఇప్పుడే ఒక రుమాలు తీసుకోండి. రెండు కొసలూ పట్టుకుని, కుడిచేతి కొస ఎడమదాని మీదుగా ఒకసారి, తర్వాత ఎడమచేతి కొస కుడిదాని మీదుగా ఒకసారి తిప్పి బిగించండి. ఇది రీఫు ముడి. చదునుగా ఉంటుంది, ఒత్తుకోదు, అందుకే కట్టుకట్టడానికి వాడతారు. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే అడ్డంగా పడి, జారిపోతుంది. బౌలైన్ అని ఇంకొకటుంది. దాని ఉచ్చు బిగుసుకోదు. బావిలో పడినవారి నడుముకు కట్టి పైకి లాగినా ఊపిరాడకుండా చేయదు.

తర్వాత ప్రథమ చికిత్స. వంటింట్లో చేయి కాలితే మనం ఏం చేస్తాం? సిరా, పసుపు, పళ్ళపొడి, ఏది దొరికితే అది పూస్తాం. గైడు పిల్ల అయితే కాలిన చోటును ఇరవై నిమిషాలపాటు పారే చల్లని నీటి కింద పెట్టిస్తుంది. ఐసు పెట్టనివ్వదు, బొబ్బ చిదమనివ్వదు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయనివ్వకుండా, ఆ కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి పంపిస్తుంది. మెడలోని ఆ రుమాలు అలంకారం కాదు. విప్పితే విరిగిన చేతికి వేలాడదీసే కట్టవుతుంది.

ఇక షికారు. లేపాక్షికి మనమూ పోతాం. బసవన్నకు దండం పెట్టి, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, పులిహోర తిని వస్తాం. అదే గైడు పిల్లలు పోతే తమ అడుగు ఎంత పొడవో ముందే కొలుచుకుని, 27 అడుగుల పొడవున్న ఆ నందిని అడుగులతో కొలిచి సరిచూసుకోవచ్చు. ధ్వజస్తంభం ఎత్తు కావాలంటే ఎక్కనక్కరలేదు. మూడడుగుల కర్ర నిలబెడితే నీడ రెండడుగులు పడిందనుకోండి, అదే సమయంలో స్తంభం నీడ 20 అడుగులుంటే స్తంభం ఎత్తు 30 అడుగులు. బడిలో ఏడిపించిన లెక్కే ఇది!

ముందు వెళ్ళిన జట్టు రాళ్ళతో గుర్తులు పెట్టిపోతుంది. ముగ్గులో లాగా ఒక చుక్క, చుట్టూ ఒక వలయం కనిపిస్తే "ఇంటికి వెళ్ళిపోయాను" అని అర్థం. 1941లో బేడెన్ పావెల్ కెన్యాలో చనిపోతే ఆయన సమాధి రాతి మీద ఆ గుర్తే చెక్కారు.

అన్నిటికంటే నాకు నచ్చిందొకటి చెప్తాను. రోజుకొక మంచి పని చేయాలని వీళ్ళకు నియమం. మరిచిపోకుండా ఉండేందుకు మెడగుడ్డకు ఒక ముడి వేసుకోమని ఆ మొదటి పుస్తకంలోనే చెప్పారు. మనం కొంగున ముడి వేసుకోమూ? అదే!

మరి అత్తగారి భయం మాటేమిటి? అది ఉత్త భయమని నేననను. ఆడపిల్లను బయటికి పంపేటప్పుడు అడగవలసినవి అడిగే తీరాలి. గైడ్ కెప్టెన్ ఎవరు, శిక్షణ పొందిన స్త్రీయేనా? క్యాంపులో రాత్రంతా పిల్లల దగ్గర ఎందరు ఆడవాళ్ళుంటారు? పడక ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, తాగేనీళ్ళు ఎక్కడివి? దగ్గరలో డాక్టరున్నాడా? నెలసరి వచ్చిన పిల్లకు ఏమి ఏర్పాటు? మనం ఫోను చేస్తే ఎత్తేదెవరు? వీటికి బడివారు తడుముకోకుండా జవాబు చెప్తే నిశ్చింతగా పంపండి. చెప్పలేకపోతే మానిపించడం కాదు, "ఏర్పాటు చేయండి, అప్పుడు పంపుతాం" అనండి. నలుగురు తల్లులు కలిసి అడిగితే కాదనేవారుండరు.

ఇంగ్లండులో ఆడపిల్లలకు మూసిన తలుపును ఆడపిల్లలే తోశారు. మన దేశపు పిల్లలకు మూసిన తలుపును ఒక స్త్రీ ముందుండి తెరిపించింది. ఇప్పుడు చట్టంలోగాని, సంఘం నియమాల్లోగాని మన పిల్లలకు ఏ అడ్డూ లేదు. మిగిలింది మన ఇంటి గడప ఒక్కటే. దాని గడియ ఇంకెవరి చేతిలోనూ లేదు, మన చేతిలోనే ఉంది.

మీ అమ్మాయి బడిలో గైడ్ల దళం లేకపోతే ప్రధానోపాధ్యాయురాలిని కలిసి పెట్టమని అడగండి. సాయంత్రం పూట తీరిక ఉన్నవారు మీరే శిక్షణ పొంది పిల్లలకు నేర్పవచ్చునేమో కూడా కనుక్కోండి. ముందుగా ఆ రుమాలు ముడి మాత్రం ఈ పూటే వేసి చూడండి. కుడి మీదుగా ఒకసారి, ఎడమ మీదుగా ఒకసారి. జారకూడదు సుమా!