జైల్లో ఉండగానే తీరిన గడువు

1994 జనవరిలో షికాగోలో జరిగిన ఓ హత్య కేసులో పోలీసులు పదిహేనేళ్ల కుర్రాణ్ని స్టేషనుకు తీసుకెళ్లారు. అర్ధరాత్రి దాటినా విచారణ ఆగలేదు. చివరికి నేరం ఒప్పుకుంటూ రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. 26 ఏళ్ల శిక్ష పడింది. అసలు అరెస్టుకే తగిన ఆధారం లేదని అప్పీలు కోర్టు తేల్చింది. 2002లో ప్రాసిక్యూటర్లు కేసు ఎత్తేశారు. మరుసటి ఏడాది అతను పోలీసుల మీద దావా వేస్తే, వేళ మించిపోయిందంటూ 2007లో అమెరికా సుప్రీంకోర్టు తోసిపుచ్చింది!

అదే వాలెస్ వర్సెస్ కేటో తీర్పు. పోలీసులు రాజ్యాంగ హక్కులను కాలరాస్తే ఫెడరల్ కోర్టుకెక్కే వీలు 1871 నాటి పౌరహక్కుల చట్టం కల్పించింది. గడువు మాత్రం ఆయా రాష్ట్రాల చట్టాలను బట్టి ఉంటుంది. ఇలినాయ్‌లో రెండేళ్లు. ఆ లెక్క మొదలయ్యేది కేసు నుంచి బయటపడ్డ రోజున కాదు, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన రోజున అంది సుప్రీంకోర్టు. మైనరు కాబట్టి పద్దెనిమిదేళ్లు నిండేదాకా మినహాయింపు ఇచ్చినా, జైల్లో ఉండగానే గడువు తీరిపోయింది.

అంటే క్రిమినల్ కేసు నడుస్తుండగానే పోలీసుల మీద దావా వేయాలన్నమాట. ఇది కత్తి మీద సాము. దావాలో చెప్పే ప్రతి మాటా రేపు ప్రాసిక్యూటర్ చేతికి అందొచ్చు. నోరు విప్పకపోతే సివిల్ కోర్టు ఆ మౌనాన్ని అతనికే వ్యతిరేకంగా తీసుకోవచ్చు. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా దీనికో దారి చూపారు: ముందు దావా దాఖలు చేస్తే, క్రిమినల్ కేసు తేలేదాకా జడ్జి దానిపై స్టే ఇవ్వొచ్చు. వినడానికి బాగానే ఉంది. కటకటాల వెనకున్న పదిహేనేళ్ల పిల్లాడికి ఈ మెలిక ఎవరు చెప్పాలి?

తప్పుడు కేసు బనాయించారన్న దావా సంగతి వేరు. అక్కడ క్రిమినల్ కేసు ముగిశాకే గడువు మొదలవుతుంది. కాకపోతే, ఎలా ముగియాలన్నదే చాలాకాలం పేచీ. 2014లో బ్రూక్లిన్‌లో, వారంటు లేకుండా ఇంట్లోకి రానివ్వనన్న ఓ తండ్రిని పోలీసులు అరెస్టు చేశారు. రెండు రోజులు కస్టడీలో ఉంచారు. తర్వాత కారణమేదీ చెప్పకుండానే కేసు కొట్టేశారు. నిర్దోషిగా తేలినట్టు చూపించమన్నాయి దిగువ కోర్టులు. అది అక్కర్లేదు, శిక్ష పడకుండా ముగిస్తే చాలని 2022లో థాంప్సన్ వర్సెస్ క్లార్క్ కేసులో సుప్రీంకోర్టు 6–3 తేడాతో చెప్పింది.

మన 1963 లిమిటేషన్ చట్టంలోనూ ఈ రెండింటికీ వేర్వేరు లెక్కలే. అక్రమ నిర్బంధమైతే అది ముగిసిన నాటి నుంచి, దురుద్దేశంతో పెట్టిన కేసైతే అది తేలిన నాటి నుంచి. గడువు మాత్రం రెండింటికీ ఒక్క ఏడాదే.