కొళాయి నీటికి కొలత

నీటిని కొలిచి పంచుకొనుట మన దేశమునకు క్రొత్త కాదు. చెఱువు క్రింద సేద్యము చేయు ప్రతి రైతునకును ఇది యెఱుకే. తూము నెంతసేపు తెఱవవలెనో, ఏ మడికి ముందు పారవలెనో, ఏ మడికి వెనుక పారవలెనో నీరటికాడు నిర్ణయించును. ఆ క్రమము తప్పినచో తూము దాపున నున్న పొలములు మునుగును. కొసభూములు బీటలు వారును. పట్టణములందు ఇంటింటి కొళాయికిని మీటరు ఉండవలెనను నిబంధనలను గూర్చి చెలరేగుచున్న వాదములకు ఈ పాత న్యాయమే తగిన సమాధానమని మా యభిప్రాయము. కొలత లేనిదే న్యాయమైన పంపకము లేదు. అయితే ఆ కొలత ఒక్క గృహస్థునికే గాక, నీరిచ్చువారికిని వర్తింపవలెను.

హైదరాబాదు నగరమునే ఉదాహరణముగ గైకొందము. 1908లో మూసీ పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, వరదల నరికట్టుటకై విశ్వేశ్వరయ్యగారి సలహాపై గండిపేటయొద్ద ఉస్మాన్‌సాగరమును, ఈసీనదిపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. వరద నాపుటకు కట్టిన యా జలాశయములే నగరవాసులకు త్రాగునీరు నిచ్చినవి. జనము పెరిగినకొలది ఆ నీరు చాలక నగరము మంజీరకును, పిదప కృష్ణకును, తుదకు గోదావరికిని చేయి చాచవలసివచ్చినది. కృష్ణా గోదావరుల నీరు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి పంపుల సాయమున ఎత్తునకు ఎక్కివచ్చుచున్నది. అట్టి నీటి ప్రతి బిందెకును విద్యుచ్ఛక్తి వ్యయము కలదు.

2021 జనవరిలో ఆ నగరమున నొక పథకము ప్రారంభమైనది. గృహావసరముల కొళాయిలకు నెలకు 20,000 లీటర్ల వఱకు నీరు ఉచితము; అంతకు మించినచో వెల చెల్లింపవలెను. పేదల బస్తీలకు దప్ప, తక్కిన యిండ్లకు పనిచేయు మీటరు ఉండవలెనని షరతు విధించిరి. 20,000 లీటర్లనగా దినమునకు సుమారు 667 లీటర్లు. అయిదుగురు గల కుటుంబమున తలకు 133 లీటర్లు పడును. భూగర్భ మురుగుకాలువలు గల పట్టణములందు మనిషికి దినమునకు 135 లీటర్లు కావలెనని కేంద్రప్రభుత్వ ప్రమాణము చెప్పుచున్నది. కావున ఈ హద్దు సామాన్య కుటుంబమునకు అన్యాయము చేయునది కాదు. ప్రాణాధారమైన నీరు వెల లేక దొరకవలెను. పచ్చికబయళ్లకును, కార్లు కడుగుటకును వాడు నీటికి వెల యుండవలెను. ఈ రెంటి నడుమ గీత గీయుటకు మీటరు కంటె నమ్మకమైన సాధనము లేదు.

అయినను గృహస్థుల యాక్షేపణలన్నియు త్రోసిపుచ్చదగినవి కావు. దినము విడిచి దినము కొన్ని గంటలే నీరు వచ్చుచోట గొట్టములు నడుమ ఖాళీ యగును. తిరిగి నీరు విడిచినపుడు ముందుగా గాలి తోసికొనివచ్చి మీటరును త్రిప్పును. గాలికి వెల చెల్లింపుమనుట ధర్మమా? మఱియొకవంక, సన్నధారగా కారు నీటిని పాతబడిన మీటరు లెక్కింపనే లెక్కింపదు. అంగడిలోని తక్కెడను తూనికలు కొలతల యధికారి పరీక్షించునట్లే, గృహస్థు కోరినపుడు అతని యెదుటనే మీటరును పరీక్షించు నేర్పాటు ఉండవలెను.

బహుకుటుంబ భవనముల సంగతి యింకను చిక్కైనది. అనేక భవనములకు ఒకటే పెద్ద మీటరు. పొదుపుగా వాడు కుటుంబమును, దుబారా చేయు కుటుంబమును లెక్కలో నొక్కటియే యగుచున్నవి. ఇట్టిచోట పొదుపునకు ప్రోత్సాహ మెక్కడిది? వంటయింటికి వేఱు, స్నానపుగదులకు వేఱుగా నిలువు గొట్టములు దిగుచుండుటచే పాత భవనములందు ఒక్కొక్క వాటాకు రెండు మూడు మీటర్లు కావలసివచ్చును, వ్యయము హెచ్చు. క్రొత్త భవనములకు అనుమతి నిచ్చునపుడే ప్రతి వాటాకు ఒకే గొట్టము, ఒకే మీటరు ఉండవలెనని శాసించినచో ఈ చిక్కు ముందుతరమువారికి ఉండదు.

ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. జలాశయమున బయలుదేరిన నీరెంత, పేటల ట్యాంకులకు చేరినదెంత, ఇండ్లకు అందినదెంత? ఈ మూడు లెక్కలును ప్రక్కప్రక్కన బెట్టి చూచిననే దారిలో కారిపోయినదియు, దొంగిలింపబడినదియు బయటపడును. వీథిలో పగిలిన గొట్టమునుండి వారములకొలది నీరు పాఱుచుండగా, ఇంటిలోని చుక్కను లెక్కించుటకు వచ్చు అధికారిని ప్రజలు గౌరవింపరు. పేటలవారీగా ఈ లెక్కలను నెలనెల ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.

కొళాయికి మీటరు పెట్టి బోరుబావిని విడిచిపుచ్చుటయు అసంపూర్ణమైన పనియే. కొళాయి నీటికి వెల హెచ్చినచో కలవాడు బోరు వేయించి భూమిలోని నీటిని తోడుకొనును. ప్రక్కయింటివాని నుయ్యి ఎండును. బావులను నమోదు చేయుటకును, వాననీటిని భూమిలోనికి ఇంకించుటకును 2002లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశమున చట్టము చేసిరి. 2003లో తమిళనాడు ప్రభుత్వము పాత క్రొత్త భవనములన్నింటికిని వాననీటి సేకరణ ఏర్పాట్లు ఉండితీరవలెనని శాసించినది. 2024 మార్చిలో బెంగుళూరు నగరమున నీటికి కటకట యేర్పడగా, త్రాగునీటితో కార్లు కడిగినవారికి 5,000 రూపాయల జుల్మానా విధింతుమని ప్రకటింపవలసివచ్చినది. ఎద్దడి వచ్చిన పిదప జుల్మానా వేయుటకంటె, వానకాలముననే ఇంకుడుగుంత త్రవ్వించుట మేలు కాదా?

గృహస్థులకును ఒక్క మాట. కారుచున్న కొళాయి దినమునకు 15 లీటర్ల బకెట్టు నింపినచో నెలకు 450 లీటర్లు మురుగున గలియును. కొళాయి గొట్టమునకు నేరుగా మోటారు తగిలించి నీరు లాగుట నిబంధనలకే గాక ఇరుగుపొరుగు ధర్మమునకును విరుద్ధము. ఆ మోటారు తిరిగినంతసేపు గొట్టపు కొసనున్న యిల్లాలు ఖాళీబిందెతో నిలువవలసివచ్చును. ఆమె వంతు ఆమెకు చేర్చుటకే మీటరు. ప్రజలు దానిని పన్నుల యంత్రమని ద్వేషింపక, అధికారులు దానిని రాబడి యంత్రముగ వాడుకొనక, ఉభయులును సాక్షిగ నంగీకరించినచో ఈ వివాదము సమసిపోవును.