అమెరికా సరుకైతే పరీక్షించే ఉంటారా?

కూతురి పురుటికి డాలస్‌కో ఎడిసన్‌కో వెళ్లిన అమ్మమ్మలకు విమానం దిగిన వారంలోపే ఒక మాట వినపడుతుంది. "ఇక్కడ గవర్నమెంటు టెస్ట్ చేయందే గుండుసూది కూడా అమ్మనివ్వరమ్మా." ఆ ధీమాతోనే ఎవరో తెలుగువాళ్లు తమ బిడ్డ పెద్దదయ్యాక ఇచ్చేసిన ఏటవాలు ఊగుడు పడకలో పసిగుడ్డును రాత్రంతా పడుకోబెడతారు. ఆర్నెల్లు గడిచాక ఆ పడకే గొట్టాలు విప్పించుకుని, సూట్‌కేసులో చీరల అడుగున చేరి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంకో పసిబిడ్డ దగ్గరికి వస్తుంది. "అమెరికాది, భయం లేదు."

అమెరికాదే. భయం లేదన్నదే అబద్ధం.

అమెరికా దుకాణంలో కనిపించే టోస్టరునీ, నిచ్చెననీ, పిల్లల కుర్చీనీ అరల్లోకి ఎక్కకముందు ఏ ప్రభుత్వ అధికారీ చూసి ముద్ర వేయడు. ఈ వస్తువులను చూసే సంస్థ వినియోగ వస్తువుల భద్రతా కమిషన్, అందరూ పిలిచే పేరు సీపీఎస్‌సీ. అది ప్రమాణాలు పెట్టగలదు, ప్రమాదకరమైనదాన్ని నిషేధించగలదు, అమ్మేసిన సరుకును వెనక్కి రప్పించగలదు. ‘ఇది అమ్ముకోవచ్చు’ అని ముందుగా అనుమతి ఇచ్చే పని మాత్రం 1972 చట్టం దానికి అప్పగించలేదు. ఆ కమిషన్ కిందికి వచ్చే వస్తువులు దాదాపు 15,000 రకాలు. ఇటీవలి సంవత్సరాల్లో ఉద్యోగులు ఐదు వందల చిల్లర. వీళ్లు ప్రతి ఉయ్యాలనూ ఊపి చూస్తారనుకోవడానికి ఎంత నమ్మకం కావాలో!

ఈ నమ్మకం గాల్లోంచి ఊడిపడలేదు. మందుల చట్టాన్ని తెచ్చి వస్తువులకు అతికించడం వల్ల వచ్చింది. కొత్త మందు అమ్మాలంటే మందులను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ముందు రుజువులు పెట్టాల్సిందే. 1938 చట్టం భద్రతకు రుజువు అడిగింది, 1962 సవరణ అది పనిచేస్తుందనీ చూపమంది. మందుబిళ్లకు ఉన్న ఆ గడప ఉయ్యాలకు లేదు.

వస్తువుల చట్టాలు ఎలా పుట్టాయో చూస్తే ఎందుకు లేదో తెలుస్తుంది. అవి ఏనాడూ ముందుచూపుతో రాలేదు. ఒళ్లు కాలాక ఒకటి, ఊపిరాడక పోయాక ఒకటి, విషం మింగాక ఒకటి. ఇట్టే అంటుకునే రేయాన్ స్వెటర్లు, పిల్లల కౌబాయ్ వేషాలు మనుషుల్ని కాల్చాక 1953లో మండే బట్టల చట్టం. 1960లో ప్రమాదకర రసాయనాల డబ్బాల మీద హెచ్చరిక. 1966లో, 1969లో బొమ్మల మీద నిషేధాధికారం. 1970లో పిల్లలు తెరవలేని మందు సీసా మూత. ఈ వరసలో 1956 నాటి ఫ్రిజ్‌ల చట్టం దగ్గర కాసేపు ఆగాలి.

అప్పటి ఫ్రిజ్ తలుపుకి బయట గొళ్లెం ఉండేది. దాగుడుమూతలాడే పిల్లలు పారేసిన పాత ఫ్రిజ్‌లో దూరితే తలుపు టక్కున పడేది. చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ గాలినీ ఆపేది, అరుపునీ ఆపేది. లోపలి నుంచి తెరుచుకోని ఫ్రిజ్ అమ్మకూడదని అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసింది. బాగానే ఉంది, కానీ రెండేళ్ల పిల్ల చీకటి పెట్టెలో ఏం చేస్తుంది? దాన్ని తెలుసుకోవడానికి రెండు నుంచి ఐదేళ్ల వయసున్న 201 మంది పిల్లలను, ప్రత్యేకంగా చేయించిన పెట్టెలో కాసేపు ఉంచి చూశారు. ఫలితాలు 1958లో అచ్చయ్యాయి. నూటికి 24 మంది బయటపడే ప్రయత్నమే దాదాపు చేయలేదు. పట్టుకోవడానికి పిడి ఇస్తే నూటికి 40 మంది దాన్ని గది తలుపు పిడిలా తిప్పబోయారు, నెట్టినవాళ్లు తొమ్మిది మందే. ఐదేళ్ల పిల్లల్లో సగం మంది నోరెత్తలేదు. అరుస్తారులే, వినపడుతుందిలే అనుకున్న పెద్దల లెక్క అక్కడే తప్పింది. అందుకే పిడి తెలియకపోయినా, లోపల ఒత్తుకుంటే చాలు తెరుచుకునే తలుపు కావాల్సి వచ్చింది. ఇవాళ మన వంటింటి ఫ్రిజ్‌కి గొళ్లెం లేదు, అయస్కాంతపు పట్టీ ఉంది. ఆ పట్టీ ఇంటింటికీ చేరడంలో ఈ చట్టం వంతు పెద్దదే.

అయితే ఆ చట్టం 1958 అక్టోబరు ఆఖరు నుంచి బజారుకొచ్చే ఫ్రిజ్‌లకే వర్తించింది. అంతకుముందే అమ్ముడై పెరట్లో పడివున్న పాతవాటి గొళ్లేల జోలికి అది పోలేదు. చట్టం కొత్త సరుకును చూస్తుంది, ఇంట్లో ఉన్న పాత సరుకు ఇంటివాళ్ల పాపం. పాత పడకల సంగతికి ఇదే కీలకం.

అతుకుల బొంతలా ఉన్న ఈ చట్టాలను చూసి, 1967లో కాంగ్రెస్ ఒక జాతీయ కమిషన్ వేసింది. ఆర్నాల్డ్ ఎల్కిండ్ అధ్యక్షతన అది 1970 జూన్‌లో ఇచ్చిన నివేదికలో అంకెలివి: ఇంటి వాడకపు వస్తువుల వల్ల ఏటా 2 కోట్ల మందికి గాయాలు, 1,10,000 మందికి శాశ్వత వైకల్యం, 30,000 మంది మృతి. దాని వెనకే వచ్చిన చట్టం మీద 1972 అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశారు, 1973 మే నెలలో సీపీఎస్‌సీ పని మొదలుపెట్టింది. మొదట్లో దూకుడుగానే ఉంది. 1981లో రీగన్ కాలపు సవరణ దాని కాళ్లకు బంధం వేసింది. పరిశ్రమ స్వచ్ఛందంగా పెట్టుకున్న ప్రమాణం సరిపోయేలా ఉండి, దాన్ని కంపెనీలు పాటించే అవకాశమూ ఉంటే, కమిషన్ తన సొంత నిబంధన తేకుండా ఆగాలి.

‘అమెరికాలో రూల్స్ కంపెనీలే రాసుకుంటాయి’ అనే ఇంకో ప్రచారం ఉంది. దీన్ని కొట్టిపారేయాలని ఉన్నా కుదరదు. బొమ్మల భద్రతా ప్రమాణం, ప్రమాణాలు రాసే ప్రైవేటు సంస్థ ఏఎస్‌టీఎం కమిటీల్లో తయారైంది. అక్కడ కంపెనీల ఇంజినీర్లు కూర్చుంటారు, వినియోగదారుల తరఫువాళ్లూ, కమిషన్ సిబ్బందీ కూర్చుంటారు. 2008 దాకా దాన్ని పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. కాబట్టి ఆ ప్రచారంలో సగం నిజమని ఒప్పుకోక తప్పదు. కంపెనీలు ఒంటరిగా రాసుకోవన్నది మిగతా సగం.

2008లో ఏం మారింది? అంతకుముందు ఏడాది సీసం రంగు పూసిన థామస్ రైలు బొమ్మలు 15 లక్షలు వెనక్కి వచ్చాయి, ఆ వెనకే మ్యాటెల్ బొమ్మలు లక్షల్లో వచ్చాయి. 2006లో మినియాపొలిస్‌లో నాలుగేళ్ల పిల్లాడు, బూట్లతో ఉచితంగా ఇచ్చిన గొలుసు బిళ్ల మింగి సీసం విషంతో చనిపోయాడు. ప్రతినిధుల సభ 424–1 ఓట్లతో కొత్త చట్టానికి ఒప్పుకుంది. కాదన్న ఆ ఒక్కరు రాన్ పాల్. ఆగస్టు 14న జార్జ్ డబ్ల్యూ బుష్ సంతకం చేశారు. పన్నెండేళ్ల వరకు వయసున్న పిల్లల వస్తువుల్లో సీసానికి కఠిన పరిమితులు వచ్చాయి, బొమ్మల ప్రమాణం తప్పనిసరైంది, కమిషన్ గుర్తించిన ల్యాబ్‌లో పరీక్ష కూడా తప్పనిసరైంది.

"అదిగో, పరీక్ష ఉందిగా!" అంటారు. ఉంది. చేసేది ప్రభుత్వం కాదు, తయారీదారు నుంచో దిగుమతిదారు నుంచో డబ్బు కట్టించుకునే ల్యాబ్. పైగా ల్యాబ్ తన ముందున్న ప్రశ్నపత్రంలోని ప్రశ్నలే అడుగుతుంది. ప్రశ్న లేనిచోట అన్ని వస్తువులూ పాసే.

ఫిషర్ ప్రైస్ కంపెనీ ఏటవాలు పడక ‘రాక్ ఎన్ ప్లే’ కథ అచ్చం అదే. 2009లో బజారుకొచ్చింది. పడక వాలు దాదాపు 30 డిగ్రీలు. పసిపిల్లల మెడ కండరాలకు బలం ఉండదు. వాలు మీద పడుకుంటే తల ముందుకు వాలి, గడ్డం రొమ్ముకు ఆనుకుని ఊపిరి దారి నొక్కుకుపోతుంది. బిడ్డ పక్కకు దొర్లితే మెత్తటి గుడ్డ ముక్కుకు అడ్డంపడుతుంది. తల్లిదండ్రుల కంటికి మాత్రం హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. అప్పట్లో బల్లపరుపు పడకల నిబంధనల్లోకి ఈ ఏటవాలు రకం రాలేదు. దీనికంటూ విడిగా స్వచ్ఛంద ప్రమాణం పెట్టుకుంటే అదీ 30 డిగ్రీల దాకా ఒప్పుకుంది! 30 మందికి పైగా పసివాళ్లు పోయారన్న లెక్కలు బయటికొచ్చాక, 2019 ఏప్రిల్‌లో 47 లక్షల పడకలను రీకాల్ చేశారు. 2023 జనవరిలో కమిషన్ మళ్లీ అదే రీకాల్‌ను ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికి నమోదైన మరణాలు దాదాపు 100. వాటిలో కనీసం ఎనిమిది, మొదటి రీకాల్ తర్వాత జరిగినవి. కొన్ని మరణాల పరిస్థితులను నిర్ధారించలేకపోయామని కంపెనీ అంది. 10 డిగ్రీలు దాటిన పసిపిల్లల పడకలను నిషేధిస్తూ కాంగ్రెస్ చట్టం చేసింది 2022 మే నెలలో. అంటే వస్తువు వచ్చిన పదమూడేళ్లకు.

మరి ఇన్నేళ్లు ఎవరికీ తెలియలేదా? అంటే, కొంత తెలిసినా చెప్పడం కష్టం. 1972 చట్టంలోని 6(బి) సెక్షన్ ప్రకారం, కంపెనీ పేరుతో సమాచారం బయటపెట్టాలంటే కమిషన్ ముందుగా ఆ కంపెనీకి చెప్పి, గడువిచ్చి, దాని మాట వినాలి. మొదట 30 రోజుల గడువు, 2008 తర్వాత 15. టీవీల ప్రమాద నివేదికల విషయంలో 1980లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌నే నిలబెట్టింది.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు. కరెంటు వస్తువుల మీది యూఎల్ గుర్తు ప్రభుత్వ ముద్ర అంటారు; అది 1894లో మొదలైన ప్రైవేటు సంస్థది. కారు సీటు నుంచి మాంసం దాకా అన్నీ సీపీఎస్‌సీయే చూస్తుందంటారు. కార్ల సంగతి వేరే శాఖది, తిండి సంగతి ఇంకో శాఖది, తుపాకులైతే దాని గడప తొక్కవు. ఇండియన్ స్టోర్‌లో దొరుకుతోంది కాబట్టి కాటుక మంచిదేనంటారు. సీసం భయంతో ఎఫ్‌డీఏ దాన్ని అసలు అనుమతించనే లేదు.

రీకాల్ అయితే ఇంటికి ఫోన్ వస్తుందన్నది మాత్రం ప్రాణం మీదికి తెచ్చే నమ్మకం. డానీ కైసర్ అనే పదహారు నెలల పిల్లాడు 1998లో షికాగోలో, పిల్లల్ని చూసుకునే ఆవిడ ఇంట్లో, మడత మంచం కూలి మెడ ఇరుక్కుని చనిపోయాడు. ఆ మంచం ఐదేళ్ల ముందే రీకాల్ అయింది. అక్కడున్న ఎవరికీ తెలియదు. 2008 చట్టంలో ఒక భాగానికి ఆ పిల్లాడి పేరే పెట్టారు. పసిపిల్లల మంచం, కుర్చీలాంటి వస్తువులతో పాటు రిజిస్ట్రేషన్ కార్డు ఉంటోందంటే అందుకే. దాన్ని ప్రకటన కాగితమనుకుని చెత్తలో పడేసేవాళ్లే ఎక్కువ. నింపి పంపితే తప్ప కంపెనీకి ఆ ఇల్లెక్కడో తెలిసే దారి లేదు. చేతులు మారిన వస్తువుకైతే ఆ దారి కూడా తెగిపోతుంది.

కాబట్టి పాత పడక ఎవరైనా ఇస్తే కృతజ్ఞతలు చెప్పి, ముందు దాన్ని బోర్లా తిప్పి చూడాలి. 2008 చట్టం వచ్చాక పిల్లల వస్తువుల మీద తయారైన చోటు, తేదీ ఉండే చెరిగిపోని గుర్తు తప్పనిసరి. ఆ వివరాలతో, మోడల్ పేరుతో సీపీఎస్‌సీ రీకాల్ జాబితా వెతకడానికి రెండు నిమిషాలు చాలు. గుర్తు లేకపోతే వద్దనడమే మేలు. పక్క చట్రం కిందికి జారే మంచాల అమ్మకం 2011 జూన్ నుంచే నిషిద్ధం, ఎంత దిట్టంగా కనిపించినా తీసుకోకూడదు. రాత్రి పడకకు బల్లపరుపుగా, గట్టిగా ఉన్న పరుపు కావాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, పక్కన దిండ్లూ బొంతలూ వద్దు. ఊగే కుర్చీలు బిడ్డ మెలకువగా ఉన్నప్పటికే. రీకాల్ అయిన వస్తువును గ్యారేజీ సేల్‌లో అమ్మడం కూడా చట్టవిరుద్ధమే.

ఇంట్లో అలాంటి పడకే ఉందని తేలితే కంపెనీ డబ్బు వాపసు ఇస్తుందేమో ముందు కనుక్కోవాలి. లేదంటే గుడ్డ కత్తిరించి, గొట్టాలు వంచి, మళ్లీ నిలబెట్టడానికి వీల్లేకుండా చేసి చెత్తబండిలో వేయాలి. చెక్కుచెదరకుండా ఇంటి ముందు పెడితే, తెల్లారేసరికి ఇంకెవరో ఎత్తుకెళ్తారు.