ఒకచోట చదివిన చదువు మరొకచోట చెల్లుట యెట్లు?

మా పాఠశాలలో పదవ తరగతి ముగించి వెళ్లిన బాలబాలికల తల్లిదండ్రులు కొందరు ఏటేట మమ్ము చూడవచ్చి, పిల్లల పైచదువులను గూర్చి ప్రశ్నించుచుందురు. "మేము పని ముగించుకొని అనంతపురము వైపునకు మరలి పోవుచున్నాము. అమ్మాయి ఇక్కడ డిగ్రీ మొదటి సంవత్సరము చదివినది. ఆ సంవత్సరము పోయినట్లేనా?" అని యొకరు, "పాలిటెక్నిక్కులో మూడేండ్లు చదివిన పిల్లవాడు ఇంజనీరింగు మరల మొదటినుండి చదువవలెనా?" అని మరియొకరు అడుగుదురు. ప్రశ్నలు వేరైనను వాని సారము ఒక్కటే. ఒకచోట చదివి ఉత్తీర్ణులైన చదువు మరొకచోట చెల్లునా? చెల్లినచో ఎంత చెల్లును? దానికై ముందుగా చేయవలసినదేమి? ఈ విషయమును తల్లిదండ్రులకు తెలియునట్లు వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

బెంగుళూరులోని మన తెలుగు కుటుంబములలో స్థిరనివాసులెందరో, పనులనుబట్టి వచ్చి పోవువారును అందరున్నారు. తండ్రికి పని ఎక్కడ దొరకిన కుటుంబ మక్కడికి తరలును. ఇంటితోపాటు సామానులు తరలును గాని, చదువు తరలుట అంత సులభము గాదు. తరలింపు నియమములు తెలియక, చదివిన చదువును వదలుకొని కొలువులో చేరిన పిల్లలున్నారు. పెండ్లితో చదువు ఆగి, మరల మొదటినుండి చదువుటకు మనసొప్పక ఊరకున్న ఆడపిల్లలును ఉన్నారు. వీరిలో పలువురు పోగొట్టుకొనినది తెలివిని గాదు, కాగితములను, సమయమును మాత్రమే.

మొదట క్రెడిట్ అను మాటను గ్రహింపవలెను. పూర్వము ధాన్యమును మానికలతో కొలిచెడివారు. ఒక ఊరి మానిక మరొక ఊరి మానికతో సరిపోయెడిది కాదు. అందువలన 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, దేశమంతటికిని కిలోగ్రాము, లీటరు ఏర్పడినవి. చదువునకు క్రెడిట్ అట్టి కొలత. ఒక సెమిస్టరులో 15 గంటలు తరగతిలో పాఠము వినుట ఒక క్రెడిట్. ప్రయోగశాలలో చేయు పనికైనచో 30 గంటలు ఒక క్రెడిట్. మూడు క్రెడిట్ల పాఠ్యమనగా 45 గంటల పాఠము. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళిక ప్రకారము సంవత్సరమునకు 40 క్రెడిట్లు. మూడేండ్ల డిగ్రీకి 120, నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీకి 160 క్రెడిట్లు కావలెను. పరీక్షలో ఉత్తీర్ణులైననే క్రెడిట్ లభించును. తరగతికి పోయి పరీక్ష వ్రాయని వానికి లభించునది సున్న.

అయితే కొలత సమానమైనంత మాత్రమున సరుకు సమానము గాదు. కిలో వేరుసెనగలకు బదులు కిలో బియ్యము ఇమ్మని అంగడివానిని అడుగలేము గదా! అట్లే చరిత్రలో సంపాదించిన నాలుగు క్రెడిట్లను గణితము క్రింద జమకట్టుమని అడుగుటకు వీలులేదు. కొత్త విశ్వవిద్యాలయము రెండు విషయములను పరిశీలించును. క్రెడిట్లెన్ని అనునది మొదటిది, ఏ పాఠ్యములో అనునది రెండవది. తల్లిదండ్రులు చాలమంది మొదటిదానినే చూచి ధైర్యపడుదురు. చిక్కు వచ్చునది రెండవదానితోనే.

డిగ్రీలోని పాఠ్యములు స్థూలముగా రెండు తెగలు. విద్యార్థి కోరి చదువు ముఖ్య విషయములు ఒక తెగ. అందరును చదువవలసిన సామాన్య విద్య రెండవ తెగ. భాషలు, పర్యావరణము, రాజ్యాంగ పరిచయము, ఇతర శాస్త్రములనుండి కొన్ని పాఠ్యములు ఈ రెండవ తెగలోనివి. పైన చెప్పిన యు.జి.సి. ప్రణాళికలో మూడేండ్ల డిగ్రీయొక్క 120 క్రెడిట్లలో ముఖ్య విషయమునకు 60, ఉపవిషయమునకు 24, ఇతర శాస్త్రముల పరిచయమునకు 9, భాషాసామర్థ్యమునకు 8, వృత్తి నైపుణ్యమునకు 9, విలువల పాఠ్యములకు 6 నుండి 8, ఉద్యోగానుభవమునకు 2 నుండి 4 కేటాయించినారు. ఉద్యోగమునకై శిక్షణ ఇచ్చు బి.వోక్. డిగ్రీలో ఈ విభజన మరింత స్పష్టము. 2014 నాటి పథకములో సంవత్సరమునకు 60 క్రెడిట్లుండగా, వానిలో 36 వృత్తి నైపుణ్యమునకును, 24 సామాన్య విద్యకును నిర్ణయించినారు.

సామాన్య విద్య అన్నిచోట్ల ఉండును గనుక సులభముగా చెల్లునని తోచవచ్చును. పర్యావరణము వంటి పాఠ్యముల విషయమున అది చాలవరకు నిజము. భాషల విషయము వేరు. మన పిల్లలకు ఇది ముఖ్యముగా వర్తించును. బెంగుళూరు కళాశాలలో ఒక బాలిక కన్నడము, ఇంగ్లీషు భాషలుగా తీసికొని చదివినదనుకొందము. ఆమె తిరుపతికో అనంతపురమునకో మారినచో, అక్కడి పాఠ్యప్రణాళికలో కన్నడము లేకపోవచ్చును. అప్పుడు ఆ క్రెడిట్లను "ఒక భారతీయ భాష" క్రింద జమకట్టుదురా, లేక తెలుగును మరల చదివి పరీక్ష వ్రాయుమందురా అని చేరుటకు ముందే లిఖితపూర్వకముగా అడిగి తెలిసికొనవలెను. అక్కడినుండి ఇక్కడికి వచ్చు వారికిని ఇదే చిక్కు. పి.యు.సి.లో తెలుగును భాషగా తీసికొను వీలు కర్ణాటకములో ఉన్నది గాని, తెలుగు అధ్యాపకులు అన్ని కళాశాలలలోను లేరు. కావున కళాశాలను ఎన్నుకొనునపుడే భాషను గూర్చి విచారించుట మేలు.

ఇక జాతీయ విద్యావిధానమును గూర్చి. కేంద్ర ప్రభుత్వము 2020 జులై 29న దానిని ఆమోదించినది. సరిగా ఏడాదికి, 2021 జులైలో, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను ఏర్పాటు వచ్చినది. పేరు బ్యాంకే యైనను ఇందులో ధనముండదు. విద్యార్థి పేరిట ఒక ఖాతా ఉండును. అతడు ఉత్తీర్ణుడైన పాఠ్యముల క్రెడిట్లను కళాశాలయే ఆ ఖాతాలో జమచేయును. విద్యార్థి స్వయముగా జమచేయుటకు వీలులేదు. డిజిలాకర్ ద్వారా ఖాతా తెరచినచో 12 అంకెల సంఖ్య లభించును. నియమావళి ప్రకారము క్రెడిట్లు సాధారణముగా ఏడేండ్ల వరకు నిలువయుండును. అందువలన ఒక సంవత్సరము చదివి ఆగిన బాలిక కొంతకాలము తరువాత మరల చదువవచ్చునను ఆశకు ఆధారము కలిగినది.

కాని ఈ బ్యాంకు విషయమున ఒక నియమమును మరువరాదు. 2021 నాటి నియమావళి ప్రకారము, పట్టము నిచ్చు సంస్థలో కనీసము సగము క్రెడిట్లను విద్యార్థి సంపాదింపవలెను. లెక్క వేసి చూతము. మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, సగము 60. మొదటి సంవత్సరము ముగించి 40 క్రెడిట్లతో మారిన విద్యార్థి కొత్తచోట తక్కిన 80 సంపాదించును గనుక ఆటంకము లేదు. రెండేండ్లు ముగించి 80 క్రెడిట్లతో మారినవానికి మిగులునవి 40 మాత్రమే. అవి సగము గావు. అతడు కొత్తచోట అదనముగా చదువవలసి వచ్చును. కావున మారవలసియున్నచో మొదటి సంవత్సరము చివర మారుట మేలు. రెండేండ్లు ముగిసినపిదప, వీలైనచో పిల్లను బంధువుల యింటనో వసతిగృహమునందో ఉంచి మూడవ సంవత్సరము ఇక్కడనే పూర్తిచేయించుట ఉత్తమము.

కర్ణాటకములో మరియొక విశేషమున్నది. ఈ రాష్ట్రము 2021-22 నుండి నాలుగేండ్ల ఆనర్సు పద్ధతిని ప్రవేశపెట్టినది. పిమ్మట 2024-25 నుండి మూడేండ్ల డిగ్రీకి మరలినది. అందువలన ఒకే ఇంటిలో 2023లో చేరిన అక్క ఒక పద్ధతిలోను, 2024లో చేరిన తమ్ముడు మరొక పద్ధతిలోను చదివినవారగుదురు. కళాశాల ఒక్కటే యైనను పాఠ్యప్రణాళిక ఒక్కటి గాదు. అక్కకు జరిగినట్లు తమ్మునికి జరుగునని తలంచరాదు. ఏ సంవత్సరము చేరినారో ఆ సంవత్సరపు ప్రణాళిక ప్రతిని కళాశాల ముద్రతో తీసికొని భద్రపరచవలెను. కొత్తచోటి అధికారులు మొదట అడుగునది దానినే.

పాలిటెక్నిక్ విద్యార్థుల త్రోవ వేరు. పదవ తరగతి తరువాత మూడేండ్ల డిప్లొమా ముగించినవారు, కర్ణాటక పరీక్షా ప్రాధికారము జరుపు డి.సి.ఇ.టి. పరీక్ష వ్రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరములో, అనగా మూడవ సెమిస్టరులో, నేరుగా చేరవచ్చును. వారికి పి.యు.సి. అక్కరలేదు. ఐ.టి.ఐ. రెండేండ్లు ముగించినవారికి డిప్లొమా రెండవ సంవత్సరములో చేరు వీలున్నది. ఇది చదువును మోసికొనిపోవుటకు మనదేశములో చిరకాలముగా నడచుచున్న మార్గము. కాని ఇందులోను వెలితి పూరింపవలసి యుండును. బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయము 2018 నాటి ప్రణాళికలో ఇట్లు చేరినవారికి అదనపు గణితమును నిర్బంధము చేసినది. డిప్లొమాలో గణితమును నిర్లక్ష్యము చేసిన బాలుడు అక్కడ తడబడును. గణితమునందు పునాదిని ఎనిమిది, తొమ్మిది తరగతులలోనే గట్టిపరచుమని మేము పదేపదే చెప్పుటకు కారణమిదియే.

ఇతర దేశములలో ఈ సమస్యను ఎట్లు పరిష్కరించిరో చూచుట ఉపయోగకరము. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలను రెండేండ్ల స్థానిక కళాశాలలు గలవు. వానిలో నేటికిని నడచుచున్న మొట్టమొదటిది ఇల్లినాయిస్ రాష్ట్రములోని జోలియట్ పట్టణమున 1901లో వెలసినది. తక్కువ జీతముతో సామాన్య విద్యను అక్కడ ముగించి, పిమ్మట ప్రభుత్వ విశ్వవిద్యాలయములో మూడవ సంవత్సరమున చేరుట అక్కడి వాడుక. కాలిఫోర్నియా రాష్ట్రము 1960లోనే తన కళాశాలలను, విశ్వవిద్యాలయములను మూడు అంచెలుగా ఏర్పరచినది. అయినను ఒక విశ్వవిద్యాలయ వ్యవస్థకు చెల్లు సామాన్య విద్య మరొకదానికి పూర్తిగా చెల్లక విద్యార్థులు నష్టపోవుచుండిరి. 2010లో చేసిన చట్టముతో 60 యూనిట్ల బదిలీ డిగ్రీ ఏర్పడినది. 2021లో చేసిన మరొక చట్టము ననుసరించి, 2025 శరదృతువునుండి రెండు విశ్వవిద్యాలయ వ్యవస్థలకును ఒకే సామాన్య విద్యా పట్టిక అమలులోనికి వచ్చినది. అందులో 11 పాఠ్యములు, 34 యూనిట్లు ఉన్నవి. ఈ కళాశాలలోని ఫలానా పాఠ్యము ఆ విశ్వవిద్యాలయములోని ఫలానా పాఠ్యమునకు సమానమని అక్కడ ముందే వ్రాసియుంచెదరు. విద్యార్థి చదువకముందే దానిని చూచుకొనవచ్చును. మన దేశములో కొలత ఏర్పడినది. అట్టి సమానతా పట్టికలు మాత్రము ఇంకను విస్తరింపవలసి యున్నవి. అంతవరకు విచారించుకొను భారము విద్యార్థిపైనను, తల్లిదండ్రులపైనను ఉండును.

కావున తల్లిదండ్రులకు మేము కొన్ని విషయములు మనవి చేయుచున్నాము.

సెమిస్టరు నడుమ కళాశాలను విడిపింపరాదు. ఊరు మారుటయైనను, పెండ్లియైనను, పరీక్షలు ముగిసిన తరువాత పెట్టుకొనుడు. పదునైదు దినములు ఆగినచో ఇరువది క్రెడిట్లు నిలుచును. ఆగనిచో ఆరు మాసముల శ్రమ వ్యర్థమగును.

పేరు అన్ని పత్రములలో ఒకే విధముగా ఉండునట్లు చూడుడు. మనవారు ఇంటిపేరును ముందు వ్రాయుదురు. ఇక్కడి దస్తావేజులలో పొడి అక్షరములను చివర వ్రాయుట కలదు. పదవ తరగతి అంకపట్టికలో ఒక తీరుగను, ఆధారులో మరొక తీరుగను పేరున్నచో క్రెడిట్ల ఖాతాలో చిక్కు వచ్చును. సవరణ ఏదైన నున్నచో పిల్లలు మా పాఠశాలలో ఉండగానే చెప్పుడు.

కొత్త కళాశాలలో రుసుము చెల్లించుటకు పూర్వమే, ఏ ఏ పాఠ్యములు చెల్లును, ఏవి మరల చదువవలెను అని లిఖితపూర్వకముగా తీసికొనుడు. ఉదాహరణకు 40 క్రెడిట్లలో 31 చెల్లునని తెలిసినచో, తక్కిన 9 క్రెడిట్లను వచ్చు రెండు మూడు సెమిస్టరులలో సర్దుకొనవచ్చును. తెలియకున్నచో చివరి సంవత్సరమున అవి ఒక్కమారుగా మీదపడును. నోటిమాటను నమ్మి రుసుము చెల్లించిన పిదప చింతించి ప్రయోజనము లేదు.

పాత కళాశాలనుండి టి.సి., సెమిస్టరు అంకపట్టికలు, ముద్రవేసిన పాఠ్యప్రణాళిక తీసికొనుడు. విశ్వవిద్యాలయము మారుచున్నచో అక్కడినుండి మైగ్రేషన్ సర్టిఫికేట్ కూడ అవసరము. ఒకమారు ఊరు విడిచిన తరువాత వీనికై తిరిగి వచ్చుట దినకూలి చేసికొను కుటుంబమునకు ఎంత కష్టమో మేమెరుగుదుము.

ఒక్కొక్క క్రెడిట్ వెనుకను పిల్లవాని పదునైదు గంటల చదువును, అతనిని చదివించుటకు తల్లిదండ్రులు పడిన కష్టమును ఉన్నవి. దానిని పోగొట్టుకొనక కాపాడుకొనుటకు పెద్ద విద్య అక్కరలేదు; అడుగవలసినది అడుగవలసిన సమయమున అడిగిన చాలును. మా పాఠశాల విడిచి వెళ్లిన విద్యార్థులు ఎన్ని యేండ్ల తరువాతనైనను కాగితములతో వచ్చినచో, చదివి చెప్పుటకును, అర్జీ వ్రాసి యిచ్చుటకును మా ఉపాధ్యాయులు సిద్ధముగా నున్నారు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిన మాటను తల్లిదండ్రులు జ్ఞాపకముంచుకొందురుగాక.