దున్నపోతుకు పేరున్నది, డప్పు కొట్టెటోనికి లేదు

జాజ్ అనంగనే మనోళ్లకు జూబ్లీహిల్స్ పబ్బు యాదికొస్తది. సన్నటి లైట్లు, చేతుల గ్లాసు, మూలకు నిలవడి ఒకాయన సాక్సోఫోన్ ఊదుడు. పైసలున్నోళ్ల పాట, మనకెందుకని పక్కకు పెడ్తం. నేను చెప్పేది వేరే. జాజ్ పుట్టింది గల్లీల. దానికి మన పట్నంల దగ్గరి చుట్టం ఎవరన్న ఉన్నరంటే అది నారాయణగూడ వైఎంసీఏ కాడ, దీపావళి అయిన రెండో నాడు రాత్రి జరిగే సదర్.

నవ్వకుండ్రి. జర ఓపికతోని చదువుండ్రి.

నేను సంగీతం నేర్సుకున్నోన్ని కాదు. పెద్ద చదువులు కూడ లేవు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బల్లల మీద, చుట్టూ గ్రూప్స్‌కు చదివే పోరగాండ్ల నడుమ కూసొని, దొరికిన పుస్తకమల్ల చదివినోన్ని. అట్ల చదువంగ తెలిసిన ముచ్చట ఇది.

అమెరికాల మిసిసిపీ నది సముద్రానికి దగ్గరవడే కాడ న్యూ ఓర్లీన్స్ అని ఒక నగరమున్నది. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి అమ్మిన మనుషులకు అక్కడ ఆదివారం ఒక్కపూట తెరిపి దొరికేది. ఆ పూట ఒక మైదానంల కూడి డోళ్లు కొట్టుకుంట, గుండ్రంగ తిరుగుకుంట ఆడెటోళ్లు. 1817ల నగర పాలకులు ఒక ఆర్డర్ తీసిన్రు. బానిసలు ఆదివారం నాడు మాత్రమే, మేయర్ చూపెట్టిన జాగలనే కూడాలె, ఇంకెక్కడ కూడొద్దు అని. ఆ జాగకే కాంగో స్క్వేర్ అని పేరు నిలిచింది. ఇందిరాపార్కు ధర్నా చౌక్‌ను 2017ల పట్నం అవతలికి నూకుతమన్న సర్కారును చూసినోళ్లకు ఈ ముచ్చట కొత్తగ అనిపియ్యదు. మంది కూడే జాగను చూస్తే ఏలెటోనికి ఎప్పుడైన గుబులే.

1865ల బానిసత్వం పోయింది గని బతుకు మారలే. నల్లోళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీలు ఇయ్యకపోయేది, ఇచ్చినా దండుకునుడే. అందుకని బస్తీ బస్తీకి సొంత సంఘాలు పెట్టుకున్నరు. నెలనెలా తలా కొన్ని పైసలు. ఎవలకన్న జబ్బు చేస్తే మందులకు, ఎవలన్న సచ్చిపోతే సాగనంపుడుకు. సాగనంపుడంటే ఉత్తగ కాదు, బ్యాండు పెట్టి. శవం ఎంబడి పోయేటప్పుడు బరువుగ, నెమ్మదిగ దేవుని పాటలు. మన్ను పోసి మళ్లొచ్చేటప్పుడు మాత్రం దరువు ఒక్కసారి ఉరుకుతది, జనం గొడుగులు, రుమాళ్లు తిప్పుకుంట ఆడ్తరు. ముందర నడిచే సంఘపోళ్లది, బ్యాండోళ్లది మొదటి వరుస. ఎనక ఎవ్వరు పిలవకుండనే కలిసే బస్తీ జనం రెండో వరుస. ఆ ఊరేగింపుకే ‘సెకండ్ లైన్’ అని పేరు పడ్డది. జాజ్‌కు తొలి బడి ఈ ఊరేగింపే.

ఇగ మన బస్తీలకు రండ్రి. సావు డప్పు ఎరగనోడు ఎవడన్న ఉన్నడా? ముషీరాబాద్ల, అంబర్‌పేటల ఇయ్యాల్టికీ ముసలవ్వ పోతే తీన్మార్ పెట్టి తీస్కపోతరు. నిండు బతుకు బతికి పోయినోళ్లను ఆటపాటతోని పంపుడు మన దగ్గర తప్పు కాదు. సముద్రాలవతలి నల్లోళ్లకు, మనకు ఎవ్వరు చెప్పుకోకుండనే దుఃఖం దించుకునే తీరు ఒక్కతీరుగున్నది.

చెప్పుకోకుండనే అన్న గని, పూర్తిగ అట్ల కూడ కాదు. నిజాం కాలంల ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఈడ సైన్యంల చేసిన్రు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని వాళ్ల దండు. ఏసీ గార్డ్స్ అని మనం సిటీ బస్సుల చెప్పే స్టాపు పేరు అదే. వాళ్లతోని, యెమెన్ దిక్కు నుంచొచ్చిన చావూష్ అరబ్బులతోని మర్ఫా వచ్చింది. పెండ్లి బరాత్‌ల కట్టెలతోని కొట్టే ఆ డోళ్ల మోత మీరు ఇనే ఉంటరు. ఆ దరువు, మన మాదిగోళ్ల డప్పు దరువు పాతపట్నం గల్లీల, బస్తీల కలిసిపోయినయి. మూడు దెబ్బల లెక్కన తీన్మార్ అన్నరు. అట్లాంటిక్ దాటిన ఆఫ్రికా జాజ్‌ల కలిస్తే, అరేబియా సముద్రం దాటొచ్చిన ఆఫ్రికా మన దరువుల కలిసింది. ఇత్తడి బాకాల ముచ్చట కూడ అంతే. ఆడ మిలిటరీ బ్యాండ్ల వాద్యాలు నల్లోళ్ల చేతికొచ్చినయి, ఈడ ఇంగ్లీషోళ్ల, నిజాం పల్టన్ల బాకాలు పెండ్లి బ్యాండోళ్ల భుజాలెక్కినయి.

ఇంతకు జాజ్ అంటే ఏంది? ఒక పాట వరుస అందరికి ఎరికైనదే ఉంటది. దాన్ని ఉన్నదున్నట్టు వాయించరు. కొందరు దరువును పట్టుకొని ఉంటరు, ఒకడు ముందటికొచ్చి ఆ వరుసను ఇరిచి, సాగదీసి, తన తీరు తిప్పి వాయిస్తడు. ఒకడు అడిగినట్టు వాయిస్తే ఇంకొకడు జవాబిచ్చినట్టు అందుకుంటడు. చాలమట్టుకు కాయితం మీద రాసుండదు. పక్కోని దిక్కు చెవి పెట్టాలె, కన్ను పెట్టాలె.

ఇదే పని సదర్ల ఎట్లయితదో చూడుండ్రి. డప్పులోళ్లు ముందుగాల మంట కాడ డప్పులు కాపుకుంటరు, తోలు బిర్రుగ కావాలె గదా. ఒక చేతుల సిర్ర, ఇంకో చేతుల సన్నటి సిటికెన పుల్ల. కాచిగూడ దిక్కు నుంచి, విఠల్‌వాడి దిక్కు నుంచి, బర్కత్‌పుర దిక్కు నుంచి ఒక్కొక్క దున్నపోతును తోల్కొస్తరు. నూనె పెట్టి మెరిపించిన ఒళ్లు, రంగేసిన కొమ్ములు, మెడల పూలదండలు, గవ్వలు, నెమలీకలు. యాదవ అన్నలు తాళ్లు పట్టి దాన్ని ఎనక కాళ్ల మీద లేపేటప్పుడు డప్పు కొట్టెటోడు పాట దిక్కు చూడడు, దున్నపోతు దిక్కు చూస్తడు. అది బుస కొడితే దరువు మారాలె. అది లేస్తే దరువు లేవాలె. అది బెదిరితే దించాలె, లేకుంటే మంది మీద వడ్తది. పెద్ద డప్పు పట్టుకున్నోడు పుల్లతోని సైగ చేస్తడు, మిగిలినోళ్లు అందుకుంటరు. ఈ పనిని ఇంగ్లీషుల ఇంప్రొవైజేషన్ అంటే టికెట్ పెట్టి ఇంటం, తెలుగుల తీన్మార్ అంటే ట్రాఫిక్ జామ్ అంటం.

నారాయణగూడ సదర్‌ను 1946ల న్యాయం చౌదరి మల్లయ్య యాదవ్ షురూ చేసిండని చెప్తరు. దేశానికి స్వతంత్రం రాకముందటి ముచ్చట. (అశోక్‌నగర్ హాస్టళ్ల పోరగాండ్లు దీన్ని ఒక బిట్టు లెక్క బట్టీ కొడ్తున్నరు. పరీక్షల వచ్చినా రాకున్నా, ఆ రాత్రి పుస్తకం మూసి పది నిమిషాలు నడిచొస్తే మంచిదని నా సలహా.) ఇప్పుడు పండుగ మస్తు పెరిగింది. హర్యానా నుంచి ముర్రా జాతి దున్నలు లారీలల్ల వస్తున్నయి. యువరాజ్ వచ్చినప్పుడు పేపర్లన్ని వాని ఫొటోనే ఏసినయి. వాని ధర కోట్లల్ల ఉంటదని, వాడు రోజుకు ఏమేమి తింటడో, ఎన్ని పాలు తాగుతడో టీవీలల్ల చెప్పిన్రు. షహెన్‌షా అని ఇంకోడు. ఆ దున్నలను మేపినోళ్ల కష్టం నేను తక్కువ చేస్తలేను, అది వాళ్ల మురిపెం, వాళ్ల మర్యాద. ఒక్క మాట అడుగుత. గిన్నేండ్లల్ల నారాయణగూడ సదర్ల డప్పు కొట్టిన ఒక్క మనిషి పేరు మీలో ఎవలకన్న ఎరికేనా?

ఫ్లెక్సీ మీద దున్నపోతు పేరుంటది. దాని యజమాని పేరుంటది. ఎమ్మెల్యే, కార్పొరేటర్, వాళ్ల కొడుకులు, వాళ్లకు శుభాకాంక్షలు చెప్పే సోపతిగాండ్లు, అందరుంటరు. రాత్రంత భుజం పడిపోయేటట్టు కొట్టినోడు ‘డప్పులోళ్లు’ అనే ఒక్క మాటల కలిసిపోతడు. ఆ మాట ఎనక కులమున్నది. చచ్చిన పశువు తోలుతోని డప్పు చేసినోన్ని అంటరానోడన్నది ఈ సమాజమే, ఆ డప్పు లేకుండ పండుగ చేసుకోలేంది కూడ ఈ సమాజమే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభల కచేరీ ఉంటే ఆహ్వాన పత్రిక మీద మృదంగమెవరో, వయొలిన్ ఎవరో అచ్చేస్తరు. అట్ల ఏసుడు మంచి పద్ధతి. ఆ పద్ధతి ఒక కిలోమీటర్ నడిచి వైఎంసీఏ దాక ఎందుకొస్తలేదు?

న్యూ ఓర్లీన్స్‌ల కూడ ఈ అన్యాయం జరిగింది. బడ్డీ బోల్డెన్ అని బాకా ఊదెటోడు ఉండె. జాజ్‌కు ఆద్యుడని చాలమంది చెప్తరు. 1907ల మతి చెడి ఆసుపత్రిల పడ్డడు, 1931ల ఆడనే సచ్చిపోయిండు. గుర్తు కూడ లేని బొంద. వాని బాకా వినేటందుకు ఇయ్యాల ఒక్క రికార్డు లేదు. 1917ల తొలి జాజ్ రికార్డు అని బజార్లకొచ్చింది ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్‌ది. వాళ్లు తెల్లోళ్లు. మన తీన్మార్ గూడ అంతే గదా. 2011ల ఆ పేరు మీద పవన్ కళ్యాణ్ సినిమా వచ్చింది, టీవీల వార్తల ప్రోగ్రాముకు ఆ పేరు పెట్టిన్రు, డీజే బండ్లల్ల రీమిక్సులు మోగుతున్నయి. దరువు పట్టణమంత తిరుగుతున్నది, దాని పైస మాత్రం కొట్టినోని ఇంటికి పోతలేదు. ఆడ నల్లోళ్లు ఊకె కూసోలే. షికాగోల వాద్యకారులు 1902ల్నే సొంత యూనియన్ పెట్టి, ఇంత కూలికి తక్కువైతే వాయించమన్నరు.

డీజే ముచ్చట కొంచెం ఇవరంగ చెప్పాలె. డీజే బండి వచ్చినంక డప్పులోళ్ల బేరం సగం పడిపోయిందని ఏ బస్తీల అడిగినా చెప్తరు. పది మంది డప్పులోళ్లకు ఇచ్చేది ఒక్క బండికి ఇస్తే గుండెలదిరే మోత. 2024 అక్టోబర్ల హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపులల్ల డీజేలు బందు పెట్టిన్రు. నేనైతే సంబురపడ్డ. ముసలోళ్లు, గుండె జబ్బులోళ్లు ఉండే గల్లీలు మనవి. గని ఉత్త నిషేధంతోని డప్పు బతకది. శబ్ద కాలుష్య నియమాలల్ల రాత్రి 10 దాటితే మైకులే కాదు, వాద్యాలు కూడ బహిరంగ జాగల వద్దనే ఉన్నది. కానిస్టేబుల్ అడ్డమొస్తే మొదలు ఆగేది పేదోని డప్పే. అదే నియమాలల్ల ఇంకో సంగతున్నది. పండుగలకు, ఏడాదికి 15 దినాలు మించకుండ, రాత్రి 10 నుంచి 12 దాక సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర సర్కారుకున్నది. డీజేకు కాకుండ, కరెంటు లేని వాద్యాలకే అని సదర్ రాత్రికి ఆ సడలింపు ముందుగాలనే రాతపూర్వకంగ ఇయ్యాలె. నోటిమాట మీద నడిస్తే, ఎవనికి లీడర్ ఎరికుంటే వానికే పర్మిషన్.

2024ల్నే సర్కారు సదర్‌ను రాష్ట్ర పండుగ అన్నది. మంచిదే. ఇగ పైసలొస్తయి. వచ్చిన పైసలు ఎటు పోతయన్నదే నా పంచాయితి. స్టేజీకి, ఎల్‌ఈడీ తెరకు, మంత్రిగారి శాలువకు పోతే మనం ఈ పాటికి చూసిన కథే.

1970ల న్యూ ఓర్లీన్స్‌ల జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్ షురూ అయ్యింది, అదే పాత కాంగో స్క్వేర్ల. మహేలియా జాక్సన్ పాడింది, డ్యూక్ ఎల్లింగ్టన్ వాయించిండు. అంత పెద్దోళ్లొస్తే చూడనీకి వచ్చింది దాదాపు 350 మంది. ఇయ్యాల లక్షల మంది వస్తున్నరు. అది గుర్రపు పందేల మైదానానికి మారింది, టికెట్ పెరిగింది, బస్తీవోళ్లకు అందుతలేదనే గొడవ ఆడ కూడ ఉన్నది. నిజమే. గని ఒక్కటి మెచ్చుకోవాలె. ఆ పండుగ ఒక లాభం చూసుకోని ఫౌండేషన్ చేతులున్నది. మిగిలిన పైసలతోని పిల్లలకు పైస తీసుకోకుండ సంగీతం నేర్పే బడి నడుస్తది, రేడియో నడుస్తది. ఆ మైదానంల బస్తీ సంఘాలు, బాకా బ్యాండ్లు రోజూ ఊరేగుతయి, పేరుతోని, పైసతోని. మైదానం బయట ఆదివారం సెకండ్ లైన్ మాత్రం ఇయ్యాల్టికీ ఎవల టికెట్ లేకుండనే నడుస్తున్నది. పోలీసు బందోబస్తు ఫీజు అడ్డగోలుగ పెంచితే సంఘాలు కోర్టుకు పోయి తగ్గించుకున్నయి.

మన దగ్గర ఏం చేయొచ్చు? తెలంగాణ సాంస్కృతిక సారథిల 550 మంది కళాకారులకు నెల జీతమిస్తున్నరు. వాళ్లు ఎక్కువ సర్కారు పథకాల పాటలు పాడ్తరు, అది వేరే లొల్లి. బస్తీ డప్పు, మర్ఫా, బ్యాండు మేళం వాళ్లు ఆ లెక్కలకు రారు. పక్క రాష్ట్రం ఆంధ్రల డప్పు కళాకారులకు పింఛనుంది, 2024 జులై సంది నెలకు 4,000 రూపాయలు. మన ఆసరా పింఛన్లల్ల బీడీ చేసెటోళ్లున్నరు, నేతోళ్లున్నరు, గీతోళ్లున్నరు. డప్పు కొట్టెటోళ్ల పేరు మీద ఒక గీత లేదు. డప్పును ఉద్యమ గుర్తు చేసుకున్న రాష్ట్రంల, 2002ల కామారెడ్డి నుంచి షురూ అయిన ధూంధాంల డప్పు మోగని స్టేజీ లేని రాష్ట్రంల, ఇది సిగ్గుపడే సంగతి.

సర్కారును అడిగేది సర్కారును అడుగుదం. నారాయణగూడ, చిక్కడపల్లి, కాచిగూడ సదర్ కమిటీల అన్నలను అడిగేది కూడ ఒకటుంది. కూలి ముందుగాలనే మాట్లాడి, అర్ధం అడ్వాన్సు ఇచ్చి, మిగిలింది ఆ రాత్రే ఇయ్యుండ్రి. తెల్లారి ఇంటికి రమ్మని తిప్పకుండ్రి. ఇంకా, దీపావళికి ముందు చిక్కడపల్లి ప్రెస్సుల కరపత్రం కొట్టించేటప్పుడు దున్నపోతు ఫొటో కింద ఒక్క వరుస ఎక్కువ రాయించుండ్రి. డప్పు ఫలానా, ఫలానా, ఫలానా, ఏ బస్తీ. పేర్లు రాసుకునేటందుకు ఎవలకన్న తీరిక లేకుంటే పెన్ను పట్టుకొని నేనొస్త.