హైటెక్ సిటీకి ఏ రైలు?

ఉద్యోగాలు చేసుకునే పిల్లలను చూడడానికి సికింద్రాబాదులో దిగే మన పల్లె కుటుంబాలు హైటెక్ సిటీకి ఏ రైలెక్కాలి?

2003 ఆగస్టులో మొదలైన రైల్వేవారి ఎం.ఎం.టి.ఎస్.లో కనీస టిక్కెట్టు 5 రూపాయలే. కాని బండ్లు తక్కువ. ఒకటి తప్పితే చాలాసేపు కనిపెట్టుకొని ఉండాలి. 2019 మార్చిలో అక్కడికి చేరిన మెట్రో కొద్ది నిమిషాలకొకటి వస్తుంది, లోపల చల్లగా ఉంటుంది. 2025 మే నెలలో పెంచిన తరువాత దాని టిక్కెట్టు 11 నుండి 69 రూపాయలైంది. నలుగురు రానూపోనూ ఎక్కితే కూలినాలి చేసుకునేవారికి అది బరువే.

వేళ తెలుసుకొని వెళ్ళగలిగితే ఎం.ఎం.టి.ఎస్. మేలు. వృద్ధులు, రోగులు వెంట ఉంటే మెట్రోకు వెనుకాడవద్దు. రెండింటి హైటెక్ సిటీ స్టేషన్లు ఒకచోట లేవు. ఏది దగ్గరో పిల్లలను ముందే అడగండి. లేకుంటే మిగిలిన డబ్బు ఆటోకే పోతుంది.