కరువు చేనుతో ఆగదు: ఆదోని, ఎమ్మిగనూరు మెట్ట రైతులకు సూచనలు

మన వైపు కరువు అంటే అసలు వాన పడకపోవడం కాదు. జూన్‌లో ఒక మంచి పదును అవుతుంది, పత్తి, వేరుశనగ విత్తుతాం, ఆ తర్వాత నెల దాటినా మబ్బు పట్టదు. 2023లో చూశారు కదా. ఆ ఏడాది ఆగస్టులో పడినంత తక్కువ వాన 1901 నుంచి దేశంలో ఏ ఆగస్టులోనూ పడలేదు. ఆ ఖరీఫ్‌లో ప్రభుత్వం రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. వాటిలో కర్నూలు జిల్లావి చాలా ఉన్నాయి.

మొదట ఎండేది చేను. తర్వాత మేత తగ్గుతుంది, ఎద్దులు సంతకు పోతాయి, ఆపైన మనుషులే పోతారు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల్లో దీన్నే సుగ్గికి పోవడం అంటాం. గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు, బెంగళూరుకు కట్టడం పనులకు ఇల్లంతా తాళం వేసుకుని పోతారు. బడి మధ్యలో ఆగిన పిల్లవాడు మళ్లీ ఆ తరగతిలో కూర్చోవడం కష్టం. పోక తప్పకపోతే పిల్లల్ని వెంట తీసుకుపోకండి, వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ గురించి ముందే బడిలో అడగండి.

ఎద్దుల సంగతి చిన్నది కాదు. 1876-78 ధాత కరువు నాటికి ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. కరువు పనికి వచ్చిన కూలికి రోజుకు ఒక పౌను, అంటే అర కిలో కంటే తక్కువ, గింజలు చాలని అప్పటి ప్రభుత్వం కోత పెట్టింది. మనుషులతో పాటు పశువులూ పెద్ద ఎత్తున పోయాయి. ఎద్దులు లేని ఇంటికి వాన వచ్చినా సేద్యం రాదు. ఇప్పుడు ట్రాక్టరు ఉంది గాని, దాని బాడుగ కూడా అప్పే.

అందుకే మేత ముందుగా చూసుకోండి. ఒక హెచ్చరిక: బెట్టకు వాడిన లేత జొన్న, బెట్ట తర్వాత వాన పడి కొత్తగా చిగిర్చిన పిలకలు పశువులకు విషం. వాటిలో హైడ్రోసయానిక్ ఆమ్లం ఉంటుంది, మేసిన కాసేపటికే పశువు పడిపోవచ్చు. పూత వచ్చాకే మేపండి, లేదా కోసి బాగా ఎండబెట్టి వేయండి. ఇప్పటికే మేసి ఆయాసపడుతుంటే పసరు మందులు పోస్తూ కూర్చోకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

ఇక చేను. ఒక మిల్లీమీటరు వాన ఎకరాకు సుమారు 4,000 లీటర్ల నీరు. 20 మి.మీ. పడితే 80,000 లీటర్లు. దాన్ని వాలుకు అడ్డంగా దున్ని, గట్లు వేసి నిలపాలి. బెట్టలో వరుసల మధ్య పైపైన గుంటక తోలితే నేల నెర్రెలు మూసుకుని, ఉన్న తేమ నిలుస్తుంది, కలుపూ పోతుంది. పత్తి వాడుతుంటే లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 కలిపి పిచికారీ చేయండి, ఎండ తగ్గిన పూట.

మొలక పోతే మళ్లీ పత్తే వేయాలని మనసు లాగుతుంది. చాలా ఏళ్ల క్రితం, ఉద్యోగంలో కొత్తలో, ఒక రైతుకు మూడోసారి పత్తి విత్తమని నేనే చెప్పాను. అదీ పోయింది. మూడు సార్లు విత్తనం కొన్న అప్పుతో ఆ కుటుంబం సుగ్గికి పోయింది. అప్పటి నుంచి ఆగస్టు మధ్య దాటాక పత్తి వేయమని ఎవరికీ చెప్పను. ఆగస్టు మొదట్లో పదునైతే నంద్యాల పరిశోధనా స్థానం ఇచ్చిన సూర్యనంది కొర్ర వేసుకోండి. 70-75 రోజుల్లో చేతికొస్తుంది, ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు, చొప్ప పశువుకు పనికొస్తుంది. కంది, ఆముదం కూడా ఆలోచించండి. రేగడి నేలైతే తేమ కాపాడుకుని అక్టోబరులో శనగకు పోవచ్చు.

బోరు మీద ఆశ పెట్టుకోకండి. పక్కన ఎండిన బోర్లు ఎన్నో లెక్కపెట్టుకున్నాకే అప్పు చేయండి. కాలువ కింద ఉన్నామన్న ధీమా కూడా వద్దు. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు 105 దాటి కొంచెమే. చివరి ఆయకట్టుకు నీరు ఎందుకు రాదో వేరే చెప్పాలా?

చివరగా కాగితం పని. పంట వేసిన వెంటనే ఈ-క్రాప్‌లో నమోదు చేయించి, వేలిముద్ర వేసి, రసీదు తీసుకోండి. 33 శాతం, ఆపైన నష్టం జరిగితేనే పెట్టుబడి రాయితీకి లెక్కలోకి వస్తుంది. ఎండిన చేనును దున్నేసే ముందు సర్వే అయిందో లేదో గ్రామ వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి. కౌలు రైతులు సాగు కార్డు ముందే తీసుకోండి. సుగ్గికి పోయే వాళ్లు ఈ పనులన్నీ పూర్తయ్యాకే బస్సెక్కండి.